డోలీ మోసిన చేతులు

పలనాటి సీమలోని కారెంపూడియందు ఏటేట కార్తికమాసమున వీరారాధనము జరుగును. పండ్రెండవ శతాబ్దమున నచ్చట పోరి మడిసిన వీరుల పేరిట వారి యాయుధములకు పూజలు చేయుదురు, వీరగాథ పాడుదురు, జనులు తండోపతండములుగా వచ్చి మ్రొక్కి పోవుదురు. ఇది తగిన పనియే. కాని యా తిరునాళ్ల మాట వినినప్పుడెల్ల నాకొక సందేహము కలుగును. కత్తి దూసినవాని పేరు నిలిచినది. ఆ కత్తివ్రేటునకు నేల కొరిగినవానిని భుజముపై వేసికొని నీడకు చేర్చిన దెవరు? వాని నోట నీరు పోసిన దెవరు? గాయమునకు గుడ్డ చుట్టిన దెవరు? యుద్ధము జరిగిన ప్రతిచోటను అట్టివారుందురు. వారికి గుడి లేదు, గాథ లేదు, తఱచుగా పేరును లేదు.

యుద్ధము పురుషుల వ్యవహారము, మనకేల యని సోదరీమణు లనుకొనవలదు. గాయము కడిగి కట్టుట, జ్వరపీడితుని ప్రక్కన రాత్రి మేల్కొనుట, లేవలేనివానికి గంజి త్రాగించుట, మైలగుడ్డలు ఉడుకబెట్టుట: ఇవి మన యిండ్ల పనులే. ఆ పనులే రణభూమికిని సముద్రముమీదికిని పోయినప్పుడు వానికి సైనికవైద్య మనెడి పెద్ద పేరు వచ్చినది. కావున ఈ చరిత్రము మన చరిత్రమే.

ప్రాచీన గ్రంథముల సాక్ష్యము

మహాభారతమున ఉద్యోగపర్వమందు ధర్మరాజు శిబిరమును వర్ణించుచోట, జీతములు గొని పనిచేయు వైద్యులు వందలకొలదిగా సకలోపకరణములతో నుండిరని చెప్పబడినది. భీష్మపర్వమున, శరతల్పగతుడైన పితామహుని కడకు దుర్యోధనుడు బాణములు పెఱికివేయుటలో నేర్పరులగు చికిత్సకులను తోడ్కొని వచ్చెను. భీష్ముడు చికిత్స నొల్లక, వారిని పూజించి ధనమిచ్చి పంపుడని యాజ్ఞాపించెను. మరణమును నిశ్చయించుకొన్నవాడు సైతము వైద్యుని కూలి తప్పరాదని తలంచుట గమనింపదగినది.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున యుక్తసేనీయమను నధ్యాయ మొకటి కలదు. దండయాత్రయందు నీరును, మేతను, ఆహారమును శత్రువులు విషపూరితములు గావింతురు గావున వైద్యుడు వానిని పరీక్షింపవలెననియు, రాజు గుడారమునకు సమీపముననే వైద్యుని గుడారము ధ్వజముతో నందఱకును కనబడునట్లుండవలెననియు, విషముచేతను శల్యముచేతను రోగముచేతను పీడితులైనవారు తడవు లేక యచ్చటికి రావలెననియు నందు చెప్పబడినది. నేటి వైద్యశిబిరముపై నెగురు ఎఱ్ఱశిలువ పతాకమునకును ఆ ధ్వజమునకును ప్రయోజన మొక్కటియే. కౌటిల్యుడు అర్థశాస్త్రమందు పదియవ యధికరణమున, శస్త్రములు, యంత్రములు, మందులు, తైలములు, కట్టుగుడ్డలు చేతబట్టిన చికిత్సకులును, అన్నపానములు గైకొన్న స్త్రీలును సేన వెనుక నిలువవలెనని విధించెను. రెండువేల యేండ్ల నాటి శాస్త్రమే రణభూమిలో స్త్రీకి స్థాన మిచ్చినదని మన మెఱుగవలెను.

ఇంగ్లీషువారి నిఘంటువులో తెలుగు బోయీ

తూర్పిండియా కంపెనీ సైన్యములలో గాయపడినవారిని మోయుటకు డోలీ వాడుకలో నుండెను. వెదురుబొంగునకు మంచమువంటి తొట్టి వ్రేలగట్టి, పైన గుడ్డ కప్పి, నలుగురు లేక యార్గురు మోయుదురు. ఈ మోసెడివారికి మన తెనుగున బోయీలని పేరు. 1886లో యూల్, బర్నెల్ అను నిద్దఱు ప్రకటించిన ఆంగ్లో-ఇండియను పదముల నిఘంటువునందు, పల్లకి మోసెడివానికి ఇంగ్లీషువారు వాడిన ‘బాయ్’ అను మాట తెలుగు ‘బోయి’ శబ్దమునుండి వచ్చినదే యని వ్రాయబడినది. అదే నిఘంటువులో నొక వేడుకకథయు కలదు. యుద్ధమునుండి వచ్చిన యుత్తరములో ‘డోలీలు వచ్చి గాయపడినవారిని కొనిపోయెను’ అని యుండగా, సీమలో నొక ఉపన్యాసకుడు డోలీ లనగా నేదో యాటవికజాతి యనుకొని, ‘క్రూరులగు డోలీలు కొండలనుండి దిగివచ్చి మన క్షతగాత్రులను ఎత్తుకొనిపోయిరి’ అని వాపోయెనట! నవ్వు వచ్చును గాని, అందొక నీతి కలదు. ప్రాణము కాపాడినవానిని గుర్తెఱుగనివాడు వానిని రాక్షసునిగా నెంచుట కెంతో కాలము పట్టదు.

పాశ్చాత్యదేశములలో నీ సేవకు క్రమము వచ్చుట యాలస్యముగనే జరిగినది. ఫ్రెంచి శస్త్రవైద్యుడు లారే 1792లో తేలికబండ్లపై క్షతగాత్రులను పోరు జరుగుచుండగనే వెనుకకు చేర్చు పద్ధతి కనిపెట్టెను. పదవినిబట్టి గాక గాయపు తీవ్రతనుబట్టి ముందు వెనుకలు చూడవలెనని యాతడు నేర్పెను. 1854లో నైటింగేలు దొరసాని ముప్పదియెనమండ్రు పరిచారికలతో స్కుటారికి పోయెను. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధానంతరము దిక్కులేక పడియున్న క్షతగాత్రులను జూచిన ద్యూనా అను స్విట్జర్లాండు వర్తకుడు చలించిపోయెను. ఆతని ప్రయత్నము ఫలించి 1864 ఆగస్టు 22న జెనీవా యొడంబడిక పుట్టినది. గాయపడిన సైనికుడు ఏ పక్షమువాడైనను శత్రువు కాడనుట దాని సారము.

నెటాలులో మనవారు

ఇక మన తెలుగువారికి దగ్గఱగా సంబంధించిన కథ వినుడు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ యను నోడ మదరాసునుండి కూలీలను గొని దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. నాటినుండి 1911 వఱకు లక్షన్నరమందికి పైగా భారతీయులు నెటాలు చెఱకుతోటలకు గిర్మిటు కూలీలుగా, అనగా ఐదేండ్ల యొడంబడికకు కట్టుబడి, పోయిరి. వారిలో నెక్కువమంది మదరాసు రేవున నెక్కినవారు; తమిళులును తెలుగువారును. కఱవు, అప్పు, భూమి లేమి వారిని దరి దాటించెను. అక్కడ స్థిరపడిన తెలుగువారు 1931లో ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి.

1899 అక్టోబరులో ఇంగ్లీషువారికిని బోయరులకును యుద్ధము పొసగెను. అప్పుడు గాంధిగారు డర్బనులో న్యాయవాది. ఆయన మనస్సు బోయరుల పక్షముననే యుండెను. అయినను పౌరుల హక్కులు కోరువారు పౌరుల ధర్మమును చేయవలెనని తలంచి, భారతీయులతో నొక క్షతగాత్రసేవాదళమును కూర్చెదనని ప్రభుత్వమునకు వ్రాసెను. భారతీయులు పిఱికివారు, ధనమునందే దృష్టి గలవారు అని తెల్లవారి యపవాదు. మొదట ప్రభుత్వ మొప్పుకొనలేదు. డాక్టరు బూత్ అను నాయన గాంధిగారికిని తోడివారికిని గాయములు కట్టుట నేర్పెను. పిదప సైన్యమునకు మోసెడి చేతులు చాలకపోగా అనుమతి వచ్చినది.

దళమున నించుమించు 1,100 మంది. అందు నాయకులు నలువదిమంది లోపల. స్వతంత్రులగు భారతీయులు సుమారు మున్నూఱుగురు. తక్కిన ఎనిమిదివందలమందియు గిర్మిటు కూలీలే. చెఱకు కొట్టుట మాని డోలీ పట్టినవారు వారు. 1899 డిసెంబరు 15న కొలెన్సోకడ ఇంగ్లీషుసేన ఘోరముగా నోడెను. ఒక్క దినముననే వేయిమందికి పైగా చచ్చియు, గాయపడియు, చిక్కియు పోయిరి. మనవారి పని యచ్చట ప్రారంభమయ్యెను. 1900 జనవరిలో స్పియాన్ కాప్ అను కొండమీది పోరు వచ్చినది. ఈ దళము గుండ్లు పడుచోటికి పోనక్కఱలేదని మొదటి యొడంబడిక. కాని యక్కఱ మించినప్పుడు, మీకు విధి కాదు గాని వచ్చినచో కృతజ్ఞులమని సేనానాయకుడు బుల్లరుదొర వార్త పంపెను. వారు వెనుదీయలేదు. జనరల్ వుడ్‌గేట్ వంటి సేనాపతిని సైతము మనవారే మోసికొని వచ్చిరి. దినమునకు ఇరువది మొదలు ఇరువదియైదు మైళ్లు క్షతగాత్రులతో నడిచిరని గాంధిగారు తమ యాత్మకథలో వ్రాసిరి.

మోయుట యనగానేమో చూడుడు. నలుగురు మోయునపుడు సైనికులవలె అడుగు కలిపి నడువరాదు. అడుగులు కలిసినచో డోలీ ఉయ్యెలవలె నూగి, విఱిగిన యెముక కదలి, రోగి కేక పెట్టును. ముందువాడు కుడికాలు వేయునపుడు వెనుకవాడు ఎడమకాలు వేయవలెను. సమభూమిపై రోగి కాళ్లు ముందుండవలెను. ఎత్తెక్కునపుడు తల ముందుండవలెను. ముండ్లు, గుండ్లు, ఎండ. భుజము కాయలు గాచి చీము పట్టినను దింపుటకు వీలులేదు. ఈ విద్య పుస్తకమువలన రాదు. పల్లకి మోసిన తాతల రక్తములో నున్నదో, బరువు మోసి బ్రదికిన వారి యొడలిలో నున్నదో!

ఆఱువారములకు దళము విడిపోయెను. బుల్లరుదొర తన నివేదికలో దానిని శ్లాఘించెను. నాయకులు ముప్పదియేడుగురకు పతకము లిచ్చిరి. ఎనిమిదివందలమంది కూలీలకు? వారు మరల చెఱకుతోటలకు పోయిరి. ఒడంబడిక తీఱినవెనుక ఆ దేశమున నుండగోరినచో మనిషికి ఏటేట మూడు పౌనులు పన్ను కట్టవలెనని 1895లోనే చట్టము చేయబడియుండెను. తెల్లసైనికుని భుజముపై మోసినవాడును ఆ పన్ను నుండి తప్పించుకొనలేదు. అది 1914లో గాని తొలగలేదు. ఆ తొలగుటకు 1913లో జైలుకు పోయిన మన దక్షిణదేశపు కూలీస్త్రీలును కారకులు. మోసిన చేతులు పురుషులవి. ఆ చేతుల గౌరవమును కాపాడిన చేతులు స్త్రీలవి.

1906లో జూలూల తిరుగుబాటు సమయమున గాంధిగారు మరల నిరువది నలుగురతో సేవాదళమును నడపిరి. తాము గాక నలుగురు గుజరాతీలు, ఒక పఠాను. తక్కినవారందఱును గిర్మిటు విడిచిన దక్షిణదేశీయులే యని వారు వ్రాసిరి. కొరడాదెబ్బలచే చీలిన జూలూల వీపులను తెల్లపరిచారకులు ముట్టనొల్లకుండగా మనవారు కడిగి కట్టిరి. 1914లో మహాయుద్ధము మొదలైనప్పుడు లండనులో నుండిన మన హైదరాబాదు శ్రీమతి సరోజినీనాయుడుగారు, కత్తిరించిన గుడ్డలు కుప్పలుగా గాంధిగారి ముందు వేసి సైనికులకు బట్టలు కుట్టించి తెమ్మని పురమాయించిరి. కవయిత్రి సూదికిని రణమునకును సంబంధము కలదని చూపిరి.

మదరాసు పేరి శ్వేతనౌక

1914 సెప్టెంబరు 22 రాత్రి ‘ఎండెన్’ అను జర్మనుయుద్ధనౌక మదరాసుపై గుండ్లు గురిపించి నూనెతొట్లను తగులబెట్టెను. మన గుంటూరుజిల్లా నాడు మదరాసు రాజధానిలోనిదే. ఆ రాజధాని ప్రజల చందాలతో మదరాసు యుద్ధనిధి యేర్పడి, ‘టాండా’ యను స్టీమరును వైద్యనౌకగా మార్చి ‘మదరాసు’ అని పేరు పెట్టెను. దానిపై నధికారి లెఫ్టినెంట్ కర్నల్ గిఫర్డుదొర. ఈయన యంతకుముందు మదరాసు ఎగ్మూరులోని ప్రసూతివైద్యశాల యధ్యక్షుడు! కాన్పులు చేసిన చేతులే సముద్రముపై గుండ్లు దీసినవి. ఆ నౌక తూర్పాఫ్రికాకును బస్రాకును పోయి వచ్చి క్షతగాత్రులను తెచ్చెను.

వైద్యనౌకకు 1907 నాటి హేగు ఒడంబడిక గుర్తులు నిర్ణయించినది. నౌక యంతయు తెల్లరంగు. నడుమ మీటరున్నర వెడల్పున పచ్చని పట్టె. స్వచ్ఛందసంఘముల నౌక యైనచో ఎఱ్ఱని పట్టె. దానిపై నెవ్వరును దాడి చేయరాదు. అది యాయుధములు మోయరాదు. ఏ పక్షపు క్షతగాత్రునకైనను చికిత్స చేయవలెను. ఈ ధర్మము అనేకులు పాటించిరి, కొందఱు మీఱిరి. 1918 జూన్ 27న కెనడావారి ‘లాండొవరీ కాజిల్’ అను వైద్యనౌకను జర్మను జలాంతర్గామి ముంచివేయగా, 258 మందిలో 24 మంది మాత్రమే బ్రదికిరి. మృతులలో పదునలుగురు నర్సులును కలరు.

యుద్ధనౌకలో వైద్యము మఱియు కఠినము. పోరు మొదలైన వెంటనే నీరు చొరబడకుండ ఉక్కుతలుపులన్నియు మూయుదురు. ఒక గదివాని నింకొక గదికి మోయుట సాధ్యము గాదు. అందుచే ముందొకచోటను వెనుకొకచోటను ప్రథమచికిత్సాస్థానము లుంచుదురు. భోజనపు బల్లయే శస్త్రచికిత్సబల్ల యగును. ఇఱుకు నిచ్చెనల మీదుగ రోగిని పైకి లాగుటకు నీల్ రాబర్ట్‌సన్ అను నౌకావైద్యుడు బలమైన గుడ్డకు వెదురుబద్దలు కుట్టి, రోగిని చాపలో చుట్టినట్లు చుట్టి కట్టెడి డోలీని తయారుచేసెను. వెదురు లేనిదే డోలీ లేదు కాబోలు!

మన చేలలోని మందు

సముద్రముపై గుండ్లకంటె నెక్కువమందిని చంపినది స్కర్వీ యను వ్యాధి. చిగుళ్లు చివికి, పండ్లూడి, పాతగాయములు సైతము మరల తెఱచుకొనును. 1747లో జేమ్స్ లిండ్ అను నౌకావైద్యుడు పండ్రెండుగురు రోగులను ఇద్దఱిద్దఱుగ విభజించి ఆఱువిధముల పథ్యము లిచ్చి చూచెను. నారింజ, నిమ్మపండ్లు తినిన యిద్దఱును అందఱికంటె త్వరగ లేచిరి. ఆ పండ్లలోని గుణమేమో రెండువందల యేండ్లకు చేరువగా తెలియలేదు. 1932-33 ప్రాంతమున హంగరీ దేశపు సెంట్-జార్జి యను శాస్త్రజ్ఞుడు తన యూరి మిరపపండ్లనుండి సి-విటమినును పెద్దమొత్తమున తీయగలిగెను. 1937లో నోబెల్ బహుమానము నొందెను. మిరపనేలపై పుట్టిన మనకిది గర్వకారణము కాదా? ఐతే గుణము పచ్చిమిరపలోను, అప్పుడే పండిన కాయలోను మెండు. కళ్లములో నెండినవెనుక చాల తగ్గును.

ప్రత్తి సంగతియు నట్టిదే. 1880లో గామ్జీ యను శస్త్రవైద్యుడు గాజుగుడ్డల నడుమ దూదిపొర నుంచి గాయమునకు కట్టెడి పద్ధతిని ప్రకటించెను. మొదటి మహాయుద్ధమున ప్రత్తికి ప్రేలుడుమందులకొఱకు గిరాకి హెచ్చగా కట్లకు దూది చాలక, సీమలో బురదనేలల నాచును ఎండబెట్టి వాడిరి. ఒక్క ప్రత్తికాయయే తుపాకిని పేల్చును, ఆ గాయమును మాన్పును. ఏ పనికి వాడవలెనో మనుష్యుడు నిశ్చయించుకొనవలెను.

వ్యవస్థ లేని దయ చాలదు

సేవకుల హృదయ మెంత మంచిదైనను, పై యధికారులకు ముందుచూపు లేనిచో నేమగునో మెసపొటేమియా నేర్పెను. 1915 నవంబరులో టెసిఫాన్ యుద్ధము ముగిసినపిదప క్షతగాత్రులను స్ప్రింగులు లేని బండ్లపై నదికి తెచ్చి, ‘మెజిదియే’ యను పడవపై కుక్కి బస్రాకు పంపిరి. దానికెదురుగ పోయి చూచిన మేజర్ కార్టరను వైద్యుడు, దినములతరబడి కట్లు విప్పక, కాలకృత్యములకు లేవలేక, కప్పు మీదనే పడియున్న వందలాది సైనికుల దుస్థితిని ఉన్నదున్నట్లు వ్రాసెను. పై యధికారులు ఆతనిని బెదిరించిరి. ఆతడు మాట మార్చుకొనలేదు. 1917లో విచారణసంఘము నివేదిక వెలువడగా, ఇండియామంత్రి చేంబర్లేనుదొర పదవి వదలుకొనవలసివచ్చినది. సైనికవైద్యుని ధైర్యము గుండ్లయెదుట మాత్రమే గాదు, అధికారియెదుటను పరీక్షింపబడునని దీనివలన తెలియుచున్నది.

నాడు డోలీ మోసెడివారిని సైనికులుగా లెక్కింపలేదు. వెంట నడచు ‘ఫాలోవరు’ లనియే పిలిచిరి. 1943 ఏప్రిల్ 3న వైద్యులను, సహాయకులను, పరిచారకులను ఒక్కటిగ చేర్చి సైనికవైద్యదళము నేర్పఱచిరి. సర్వజనులును రోగరహితులై యుండవలెననెడి యార్షవాక్యమే నేటికిని దాని ధ్యేయవాక్యము.

స్త్రీలు, వైద్యులు, పారాచూటులు

1888లో లాక్ దొరసాని మొదలగు నర్సులు సీమనుండి వచ్చి ఈ దేశమున సైనికపరిచర్య నారంభించిరి. 1926 అక్టోబరు 1న ఇండియను మిలిటరీ నర్సింగు సర్వీసు ఏర్పడెను. మన గుంటూరునకు 1883లో వచ్చి 1898లో స్త్రీశిశువైద్యశాల తెఱచిన డాక్టరు అన్నా కుగ్లరుగారు 1930లో మరణించువఱకు నిచ్చటనే పాటుపడిరి. ఆమె సైనికవైద్యురాలు గారు. కాని పరిచర్య నీచమైన పని కాదని ఈ సీమ కన్నులార చూచినది ఆ వైద్యశాలయందే.

రెండవ మహాయుద్ధమున ఆజాద్ హింద్ ఫౌజులో డాక్టరు లక్ష్మీ స్వామినాథన్‌గారు ఝాన్సీరాణి దళమునకు నాయకురాలైరి. మదరాసు వైద్యకళాశాల పట్టభద్రురాలామె. ఆ దళమున పోరాడెడి శాఖతోపాటు పరిచర్యశాఖయు నుండెను. సుభాసుబాబుగారి స్వంతవైద్యుడు మన గోదావరి మండలపు డాక్టరు డి. యస్. రాజుగారు. స్వాతంత్ర్యానంతరము వారు పార్లమెంటు సభ్యులును, ఉపమంత్రియునై, 1958లో కాకినాడ రంగరాయ వైద్యకళాశాల పుట్టుకకు పాటుపడిరి.

1950 నవంబరులో భారతదేశము కొరియాయుద్ధమునకు తుపాకి పట్టినవారిని పంపలేదు, వైద్యులను పంపినది. అది లెఫ్టినెంట్ కర్నల్ ఏ. జి. రంగరాజుగారి నాయకత్వమున నుండిన 60వ పారాచూటు ఫీల్డ్ ఆంబులెన్సు. ప్యాంగ్యాంగును విడిచి సేన లెల్ల వెనుదిరుగునపుడు, తమ మందులను సామగ్రిని వదలిపోవ నొల్లక, దిక్కులేక నిలిచియున్న రైలుబండిని జూచి, బకెట్లతో నీరు మోసి బాయిలరు నింపి, తామే నడపుకొని వచ్చిరి. 1951 మార్చి 23న అమెరికనులతోడ విమానములనుండి దుమికి, నేలపై చికిత్స చేసిరి. వీరు చూచిన రోగులు రెండులక్షలకు పైబడిరని ప్రభుత్వపు లెక్క. రంగరాజుగారికి మహావీరచక్ర మొసగబడెను.

2004 డిసెంబరు 26న ఉప్పెన కొత్తపట్నము, చీరాల తీరములను గూడ ముంచినది మనకు మఱపునకు వచ్చునా? ఆ దినములలో విశాఖపట్టణపు ‘నిరూపక్’ అను సర్వేనౌకను 46 పడకల వైద్యనౌకగా మార్చి ఇండొనేషియాకు పంపిరి. విశాఖలోనే నౌకాదళమునకు ‘కల్యాణి’ యను వైద్యశాల కలదు. విశాఖలో చదువుకొన్న సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తీ సరీన్‌గారు 2024 అక్టోబరు 1న త్రివిధదళముల వైద్యసేవలకు డైరెక్టరు జనరలైరి. ఆ పదవి నొందిన మొదటి స్త్రీ వారే.

ఒక తల్లి యడిగిన ప్రశ్నలు

మా వీధిలోని ఒక పిల్ల ఇంటర్మీడియెటు చదివి, సైనికనర్సింగునకు దరఖాస్తు పెట్టెదనని పట్టుపట్టినది. తండ్రి ప్రత్తిరైతు, మౌనము వహించెను. తల్లి నాయొద్దకు వచ్చి, ‘వదినగారూ! మా పిల్లకు మీరు బుద్ధి చెప్పండి’ అని మూడు మాటలడిగినది. పరాయిమగవారి పుండ్లు కడుగుట మన ఆడపిల్లకేమి కర్మము? ఎక్కడో సరిహద్దులో, ఓడలో నున్నచో దిక్కెవ్వరు? రేపు పెండ్లి యెట్లగును?

నేను పిల్లకు బుద్ధి చెప్పలేదు, తల్లితోనే మాటలాడితిని. ‘అమ్మా! మీ మామగారు మంచమున పడి మూడేండ్లున్నప్పుడు ఆయన పుండ్లు కడిగిన దెవరు? నీవు కాదా? దాని కెవ్వరును నీకు జీతమియ్యలేదు, పదవి యియ్యలేదు. నీ కూతురు నాలుగేండ్లు శాస్త్రము చదివి, లెఫ్టినెంటను హోదాతో అదే పనిచేయును. ఆమెకు సైనికులు వందనము చేయుదురు. దిక్కెవ్వరందువా? రోడ్డుపై మిరపకోతకు ట్రాక్టరులో పోవు మన ఆడకూలీకంటె ఆమెకు దిక్కు మెండు. ఇక పెండ్లి. పుండు కడిగిన చేతిని ముట్టనొల్లని వరుడు రేపు తన తల్లి మంచమున పడినచో ఎవరిచేత కడిగించును?’ అంటిని. ఆమె యేమియు ననలేదు. మఱునాడు దరఖాస్తునకు కావలసిన ఫొటో తీయించుటకు పిల్లను వెంటబెట్టుకొని నరసరావుపేట బస్సెక్కుట చూచితిని. ఆ పిల్లకు సీటు వచ్చునో రాదో దైవమెఱుగును. తల్లి మాత్రము బస్సెక్కినది.

మన యిండ్లలో

అందఱును సైన్యమున చేరనక్కఱలేదు. కాని బండ్లు బోల్తాపడుట, యంత్రములలో చేతులు చిక్కుట, పొలమున పాము కఱచుట మన సీమలో నిత్యము. 108 బండి వచ్చులోపల చేయవలసినది కొంత కలదు. నెత్తురు కాఱునపుడు పసుపు, కాఫీపొడి, మట్టి చల్లవలదు. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయముపై నదిమి పట్టుకొని విడువకుండుడు. ఎముక విఱిగినచో కఱ్ఱబద్ద నానించి కదలకుండ కట్టుడు. పాము కఱచినచో కోయవలదు, పీల్చవలదు. కదలనీక వైద్యశాలకు పంపుడు. రెండు వెదురుకఱ్ఱలు, అడుగు మూలలు కోసిన రెండు గోనెసంచులు ఉన్నచో డోలీ సిద్ధము: మూలలగుండ కఱ్ఱలు దూర్చినంతనే మంచమగును. అయితే మిరప టిక్కీలు వాడవలదు. ఆ ఘాటునకు గాయపడినవాడు రెండవసారి గాయపడును! ధాన్యపు సంచులు ఉదికి రెండు వేఱుగా దాచుడు. మోయునపుడు అడుగు కలుపవలదని మీ పిల్లలకు నేర్పుడు.

నెటాలులో డోలీ మోసిన ఎనిమిదివందలమంది పేర్లను మనము నేడు పలుకలేము. వారు నడిచిన తీరును నేర్చుకొనగలము.